కారునకు వేషము

అమెరికా దేశమున 1960 తరువాతి సంవత్సరములలో కారు కొనబోవు గృహస్థునకు విక్రేత ముందుగా ఒక పెద్ద జాబితాను చేతికిచ్చెడివాడు. యంత్రము ఎంతటిది కావలెను, గేర్లు ఎన్ని, పైకప్పునకు తొడుగు వలయునా, టైరు ప్రక్కన తెల్లగీతయా ఎఱ్ఱగీతయా అని అందు వరుసగా వ్రాసియుండును. కొనువాడు తనకు నచ్చినవానికెల్ల గుర్తు పెట్టును. పెండ్లివారు వంటవానికి పట్టీ వ్రాసి ఇచ్చినట్లే. కర్మాగారమువారు ఆ పట్టీ ననుసరించి బండిని కట్టి పంపెడివారు.

మన దేశమున ఆ కాలమునందు ఇట్టి వైభోగము లేదు. జెనరల్ మోటార్సువారు బొంబాయిలో 1928లో కార్ల కూర్పు ఆరంభించి 1954లో విరమించుకొనిరి. పిమ్మట అంబాసిడరు, ఫియట్టు, మన చెన్నపట్టణపు స్టాండర్డు, ఈ మూటిలో ఒకదానికి సొమ్ము కట్టి, ఏండ్ల తరబడి వేచియుండి, వచ్చిన రంగునే కన్నుల కద్దుకొని ఇంటికి తెచ్చుకొనెడివారు.

ఆ అమెరికా బండ్లలో నన్ను మిక్కిలి ఆకర్షించినది పాంటియాక్ జీటీఓ. ఇది పుట్టిన విధమే చమత్కారముగా నున్నది. మధ్యతరహా కార్లలో 330 ఘనాంగుళములకు మించిన యంత్రమును అమర్చరాదని జెనరల్ మోటార్సువారి కట్టడి. పాంటియాక్ శాఖ ప్రధాన యంత్రకారుడైన జాన్ డీలోరియన్, అతని సహచరులు ఆ కట్టడిలో ఒక సందు కనుగొనిరి. క్రొత్త కారును ప్రకటించినచో గదా పైవారు అడ్డు చెప్పుట! టెంపెస్ట్ లెమాన్ అను సాధువైన బండికి 389 ఘనాంగుళముల యంత్రమును కేవలము ఒక ఐచ్ఛిక సామగ్రిగా జాబితాలో చేర్చిరి. సుమారు 295 డాలర్లు అదనముగా చెల్లించిన చాలు. 5,000 బండ్లు పోయిన గొప్పయనుకొనగా, 1964 సంవత్సరపు జీటీఓలు 32,450 అమ్ముడుపోయినవి.

వెలుపల మాత్రము పెద్ద ఆర్భాటము చేయలేదు. ముందు జాలీకి నల్లరంగు, మూడక్షరముల చిహ్నము, ఎఱ్ఱగీత టైర్లు, బానెట్టుపై గాలి పీల్చు రెండు తూములు. ప్రక్కరేకుపై 6.5 లీటర్లని గర్వముగా వ్రాసిరి గాని, లెక్క వేసిచూడగా 389 ఘనాంగుళములు 6.4 లీటర్లకు కూడ కొంచెము తక్కువయే. 1967లో ఇంజను చుట్లను తెలుపు గడియారమును బానెట్టుపైననే, డ్రైవరు కంటి కెదురుగా, అమర్చి ఇచ్చుట మొదలిడిరి. 1968లో ముందు బంపరును ఎండ్యూరా అను మెత్తని పదార్థముతో చేసి, ఒంటి రంగునే దానికిని పూసిరి. ఇనుపకడ్డీతో కొట్టినను సొట్టపడదని ప్రకటనలలో కొట్టి చూపిరి. అది నచ్చనివారు వెనుకటి క్రోమియము బంపరునే కోరుకొనవచ్చును. నా మట్టుకు ఆ రంగు బంపరే అందముగా తోచుచున్నది.

నేను ఇవన్నియు చదువుటకు కారణము మా మామ. పుదుప్పేటలో మామకు చిన్న టింకరింగు షెడ్డు కలదు. మా తాతగారు అచటనే నలుబది యేండ్లు కార్లకు రంగులు వేసిరి. ఇప్పుడు కన్నులలో పొర కమ్మినది. రేకు సరిగానున్నదో లేదో అరచేతితో నిమిరి చెప్పెదరు. పాతసామానులో పడియున్న ఒక రెండు తలుపుల స్టాండర్డు హెరాల్డును కొని, ఆయన మూడేండ్లు శ్రమించి నడిచెడు బండిగా చేసిరి. హెరాల్డు రూపమును ఇటలీ దేశస్థుడైన మికెలొట్టి తీర్చెను. 1959లో ఇంగ్లండున ట్రయంఫ్ పేరిట వెలువడి, 1961 నుండి మన ఊరిలోనే స్టాండర్డు పేరిట తయారైనది. దాని బానెట్టు ప్రక్కరెక్కలతో సహా ఒక్క ముక్కగా ముందునకు వంగును. మెకానిక్కునకు అది వరము. కాని ఆ రేకు చెడినచో మొత్తము ముఖమే చెడినట్లు; ఆ బండ్ల తయారి నిలిచి చాలకాలమైనందున మరియొకటి దొరకుట దుర్లభము.

నిరుడు ఒక చలనచిత్రమువారు వచ్చి, హెరాల్డును మూడు దినములు బాడుగకిమ్మనిరి. కథానాయకుడు అమెరికా పందెపుకారు నడుపుచున్నట్లు కలగను ఘట్టమట. నడిమి చారలు, బానెట్టుపై గాలితూములు కావలెననిరి. వారిచ్చెదమన్న సొమ్ము షెడ్డునకు రెండు నెలల అద్దె. అప్పటికే అద్దె మూడు నెలలు బాకీ. మామ ఆ సాయంకాలమే బానెట్టుపై సుద్దముక్కతో రెండు చతురస్రములు గీచెను.

“రంగు వేస్తే గీకొచ్చు. రేకు కోస్తే మళ్లీ ఎవడు తెచ్చిస్తాడురా?” అనిరి తాతగారు.

“ఈ నెల కూడా కట్టకపోతే షెడ్డే ఉండదు నాన్నా. అప్పుడు బండిని ఎక్కడ పెట్టుకుంటావు?” అనెను మామ.

ఇద్దరి మాటయు న్యాయమే. రెండు దినములు వారు ఒకరితోనొకరు పలుకలేదు. భోజనమువేళ పచ్చడి కావలెనన్నను నా ద్వారముననే అడుగుకొనిరి.

నేను 1964 జీటీఓ ఛాయాచిత్రమును పెద్దదిగా ముద్రింపించి తాతగారికిచ్చితిని. ఆయన భూతద్దముతో బానెట్టును చాలసేపు చూచి, “ఈ తూములోంచి గాలి లోపలికి పోతుందా?” అని అడిగిరి. పోదు. ఆ సంవత్సరపు తూములు అలంకారమునకే. వాని వెనుక కన్నము లేదు. తూమును నిజముగా తెరచెడి సామగ్రి 1965లో గాని విక్రేతల వద్దకు రాలేదు. ఆ మాట చెప్పగానే తాతగారు పకపక నవ్వి, “అయితే వాడూ వేషమే కట్టాడు! ఒరేయ్, ఆ సుద్ద తుడిచెయ్” అని మామను కేకవేసిరి. పలుచని రేకుతో రెండు డొప్పలు మలచి, లోపల నలుపు పూసి, రెండువైపుల అంటుకొను పట్టీతో బానెట్టుపై అతికించిరి. చిత్రమువారికి తేడా తెలియలేదు.

జీటీఓ చిహ్నమును కూడ మామ చేయించెను. నాకది నచ్చలేదు. అమెరికాలో సామాన్యపు లెమాన్‌కు చిహ్నము తగిలించి హెచ్చు ధరకమ్మువారు కలరు. 1964, 1965 బండ్ల చాసిస్ సంఖ్యను బట్టి జీటీఓ అవునో కాదో చెప్పుటకు వీలులేదు. కర్మాగారపు పట్టీయే సాక్ష్యము. ఈ సంగతి చెప్పగా తాతగారు, “948 సీసీ హెరాల్డును పాంటియాక్ అని నమ్మేవాడికి నేనే అమ్ముతాను పో” అనిరి. నిజమే, ఆరు హెరాల్డు యంత్రములను కలిపినను ఆ యంత్రమునకు చాలదు. మన ఊరిలోనే 1985లో వచ్చిన స్టాండర్డు 2000ను కూడ ఆయన ఆ సందర్భమున తలచుకొనిరి. దానికి ఇంగ్లండు రోవరు కారు సొగసైన రూపము, లోపల మాత్రము పాత వాన్గార్డు వంశపు యంత్రము. జీటీఓకు సరిగా తలక్రిందులు.

బండి నాలుగవనాడు తిరిగివచ్చెను. యంత్రపు గర్జనను పిమ్మట వేరుగా చేర్చుకొందురట. డొప్పలను ఊడదీయగా ఒకదాని క్రింద వాననీరు నిలిచి రంగు పొంగియుండెను. తాతగారు వ్రేలితో తడవి చూచి, నీటికాగితము తెమ్మనిరి. మామ ఆ వారమే రెండు నెలల అద్దె కట్టెను. ఒక నెల ఇంకను మిగిలియున్నది. డొప్పలు షెడ్డులో మేకునకు వ్రేలాడుచున్నవి, మరియొక చిత్రమువారు రాకపోవుదురా యని.