ఆరంగుళముల పడవ

గౌతమీ గోదావరి యెడమగట్టున, రావులపాలెమున కెదురుగా, జొన్నాడ గ్రామము కలదు. జాతీయ రహదారి వంతెనపై పోవువారికి ఆ యూరు కొబ్బరితోటల నడుమ ఒక క్షణము కనబడి మరుగైపోవును. వంతెన లేని కాలమున అట్లు కాదు. ఏటిని దాటవలసిన ప్రతివాడును రేవులో దిగి, పడవకై వేచి, ఎండనో వాననో అనుభవించి మరీ ఆవలి యొడ్డు చేరెడివాడు.

ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటన్ తలపెట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. దాని కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు బాటలును అయినవి. ధాన్యము, కొబ్బరికాయలు, కలప ఆ నీటిమీదనే ప్రయాణము చేసినవి. గాలి యున్నపుడు తెరచాప. లేనపుడు గట్టువెంట త్రాడు లాగు మనుష్యుల భుజములు. లారీలు వచ్చిన పిమ్మట ఆ పడవలు ఒక్కొక్కటిగా ఒడ్డెక్కి, ఎండి, బీటలువారి, కడకు వంటచెరకైనవి.

ఆ యూర పడవలు కట్టిన వడ్రంగి యొకడు ముసలితనమున చూపు కోల్పోయెను. వెలుగునీడలు మాత్రము తెలియును. అతడు కట్టిన కడపటి పడవ 48 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గలది. అదియు పొయ్యిలోనికే పోయెను గాని, దాని కొక భాగ్యము కలిగినది. అది ఒడ్డున పడియున్న దినములలో ఒక డ్రాయింగు మాస్టారు వేసవి సెలవులలో టేపు పట్టి దానిని నిలువున అడ్డమున కొలిచి, అంగుళమునకు ఎనిమిది అడుగుల చొప్పున కాగితముమీద గీసి, వడ్రంగికి కానుకగా నిచ్చెను. ప్రక్కనుండి చూచిన రూపము, పైనుండి చూచిన రూపము, అడ్డముగా కోసినచో కనబడు రూపము, మూడును అందు కలవు. కాగితముపై పడవ పొడవు సరిగా ఆరంగుళములు.

ఇది సామాన్యమైన కానుక కాదు. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతములలో ఓడలు కట్టిన వడ్రంగులు కాగితము ముందు పెట్టుకొని కట్టినవారు కారు. కొలత వారి చేతిలోను కంటిలోను ఉండెడిది. 1789 లోను, మరల 1839 లోను ఉప్పెనలు కోరంగి రేవును ముంచినవి. ఓడతోపాటు దానిని కట్టిన చేయియు పోయినచో, ఆ యోడ ఎట్లుండెనో చెప్పుటకు ఏమియు మిగులదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై ముద్రితమైన ఓడ బొమ్మ వలన ఆనాటి ఓడల కొయ్యలను, తాళ్ళను కొంత ఊహింపగలము గాని, దానిని చూచి ఓడను కట్టలేము.

వడ్రంగి మనుమడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. వాడు ఆ కాగితమును చూచి బూరుగు కొయ్యతో ఆరంగుళముల పడవ నొకదానిని చెక్కి తాత చేతిలో పెట్టెను. తాత దానిని ముందు వెనుకలు తడిమి చూచెను.

"బాగుందిరా అబ్బాయీ. కాని నా వేలు పెద్దది, నీ పడవ చిన్నది. వంపు ఎక్కడ తిరిగిందో నాకు తెలియడం లేదు" అనెను.

బాలుని ముఖము చిన్నబోయెను. ఆ మాటలో నింద లేదు. అందుచేతనే అది వాని మనస్సున నాటుకొనెను. తాత వేళ్ళకు అందునంత పెద్దదిగా ఆ పడవను చేయవలెనని నిశ్చయించుకొనెను. ఇంట మూరెడు పొడవు గల ఎండిన బల్ల లుండెను. అంగుళమునకు మూడడుగుల చొప్పున గీసినచో పడవ పదునారంగుళములు వచ్చును, బల్లలు చాలును. కావలసినది పటమును పెంచుట మాత్రమే. అది సులభమని వాడు తలచెను.

ఎనిమిది అడుగు లనగా 96 అంగుళములు. మూడడుగు లనగా 36. తొంబదియారులో ముప్పదియారు తీసివేయగా అరువది. కాబట్టి నూటికి అరువది పెంచిన చాలునని వాడు లెక్కవేసి, వంతెన దాటి పోయి జిరాక్సు దుకాణమున నూట అరువది శాతము చేయించుకొని వచ్చెను. ఇంటికి వచ్చి కొలువగా పడవ తొమ్మిదిన్నర అంగుళములను కొంచెము దాటినది. పదునారెక్కడ, తొమ్మిదిన్నర యెక్కడ!

లెక్కల మాస్టారు విని నవ్వెను. "ఒక బెల్లపుటచ్చును 96 మందికి పంచితే ఒక వాటా. అదే అచ్చును 36 మందికి పంచితే ఒక వాటా. రెండవ వాటా మొదటిదానికి ఎన్ని రెట్లు? తీసివేస్తే తెలుస్తుందా, భాగిస్తే తెలుస్తుందా?" అని అడిగెను. భాగింపగా మూడింట ఎనిమిది, అనగా నూటికి 266 పైచిలుకు వచ్చినది.

దుకాణములోని యంత్రము ఒక్కసారికి రెట్టింపునకు మించి పెంచదు. కనుక మొదట 200, ఆ వచ్చిన దానిని మరల 133 చేయించెను. పొడవు సరిపోయినది. అడ్డముగా కొలువగా నాలుగంగుళములకు నూలుపోగంత తక్కువ! ఇట్టి యంత్రములలో ఒక దిక్కున కొలత సరిపోయినంత మాత్రమున రెండవ దిక్కునను సరిపోవునని నమ్మరాదు. పటములు పెంచు అలవాటు గలవారు ముందుగానే అసలు కాగితముపై నిలువున నొకటి, అడ్డమున నొకటి కొలబద్దలు గీసి యుంచుకొందురు. వాడికి అది తెలియదు.

అంతకంటె పెద్ద చిక్కు గీతలో నుండెను. అర మిల్లీమీటరు మందమున్న పెన్సిలు గీత పెరిగి మిల్లీమీటరు దాటినది. చిన్న బొమ్మలో అది లెక్కలోనిది కాదు. అసలు పడవమీద లెక్కించినచో దాదాపు రెండంగుళముల మందము. గీతకు లోపల కోయవలెనా, వెలుపల కోయవలెనా? యంత్రము పడవను పెంచలేదు. కాగితముమీది మరకను పెంచినది.

అప్పుడు వాడు పూర్వులు చేసిన పద్ధతినే పట్టెను. పాత పటముపై ట్రేసింగు కాగితము పరచి, దానిమీద 3/8 అంగుళపు గడులు గీసెను. పొడవున సరిగా పదునారు గడులు వచ్చినవి. వేరొక పెద్ద కాగితముపై అంగుళపు గడులు పదునారు గీసెను. ఒక్కొక్క గడి అసలు పడవలో మూడడుగులు. పడవ అంచు ఏ గడి గీతను ఎచట దాటుచున్నదో చూచి, పెద్ద కాగితముపై ఆ గడిలో ఆ తావుననే చుక్క పెట్టుచు పోయెను. మూడు రాత్రులు పట్టినది. చుక్కలను కలుపుటకు తాత సన్నని వెదురుబద్ద నొకదానిని చీరి యిచ్చెను. చుక్కలవద్ద గుండుసూదులు గ్రుచ్చి, వాని వెంబడి బద్దను వంచుచుండగా తాత వ్రేళ్ళతో బద్దను తాకి, "ఏడో సూది అబద్ధమాడుతోందిరా" అనెను. చూడగా ఏడవ చుక్కను వాడు ప్రక్కగడిలో పెట్టియుండెను.

పెద్ద ఓడలు కట్టువారు చేసిన పనియు ఇట్టిదే. 1948 మార్చి 14వ తేదీన విశాఖపట్టణమున జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోనికి దింపిన "జల ఉష" వంటి ఓడల కాలమున, నౌకానిర్మాణశాలలలో చిన్న పటములను విశాలమైన నేలమీద ఓడయంతటి పరిమాణమున పెంచి గీసి, వంపులు సరిచూచి, ఆ గీతల ననుసరించి అచ్చులు చేసి, ఉక్కురేకులు కోయుట వాడుక. కాగితముపై వెండ్రుకవాసి తప్పు నేలమీద చేరునప్పటికి పెద్ద తప్పగును.

కొయ్య విషయమునను వాడొకసారి తెల్లబోయెను. పొడవు మూడురెట్లకు లోపే పెరిగినది గదా యని అంతకు తగిన కొయ్య తెచ్చుకొనెను. తెరచాపకు ఏడురెట్ల గుడ్డ, పడవకు దాదాపు పందొమ్మిదిరెట్ల కొయ్య కావలసివచ్చెను. బల్లలను ఒకదానిపై నొకటి అతికించి, లోపల తొలిచి, ఎట్లో గట్టెక్కెను.

పడవ పూర్తియైన సాయంకాలము తాత అరుగుమీద కూర్చుండి దానిని ఒడిలో పెట్టుకొనెను. అణియమునుండి అమరమువరకు వ్రేళ్ళు మెల్లగా నడచినవి. ఒకచోట ఆగినవి. మరల వెనుకకు పోయి వచ్చినవి.

"అమరం దగ్గర రెండు బెత్తెల పల్లం ఉంది. అణియం దగ్గర ఒక బెత్తెడు. నా పడవ ఇలా లేదు."

బాలుడు పరుగున పోయి పటములు రెండును తెచ్చి గడి గడియు సరిచూచెను. తప్పు లేదు. రెండు బెత్తె లనగా ఆరంగుళములు. మాస్టారి కాగితముపై అంగుళములో పదునారవ వంతు. అంత సన్నని తేడా ఆయన పెన్సిలులోనిదే యని వానికి తోచెను.

"మాస్టారుగారే తప్పు గీశారు తాతా" అనెను.

తాత తల అడ్డముగా త్రిప్పెను. "ఆయన కొలిచింది ఒడ్డుకెక్కిన తరవాత కదరా. పడవకి నడుము వెడల్పు, కొనలు సన్నం. నీళ్ళు నడుముని పైకి ఎత్తుతాయి. కొనలకి అంత ఊతం ఉండదు. ఏళ్ళు గడిచేకొద్దీ రెండు కొనలూ వాలిపోతాయి. ఆయన ముసలి పడవని గీశారు. ఉన్నది ఉన్నట్టే గీశారు. నేను నీళ్ళలోకి దింపిన పడవ వేరు."

బాలుడు చాలసేపు మాటాడలేదు. ఒడిలోని పడవను, కాగితమును మార్చి మార్చి చూచెను. నాలుగు వారముల శ్రమ అది. ఏటిమీద చీకటి పడుచుండెను. వంతెనమీద లారీల దీపములు వెలుగుచుండెను.

పిమ్మట వాడు లోనికి పోయి లాంతరు, క్రొత్త కాగితము, గుండుసూదులు తెచ్చెను. తాత వెదురుబద్దను చేత పట్టుకొనెను. ఆరంగుళములను ముప్పదియారుచే భాగించి, ఆరవ వంతు అంగుళము పైకి, బాలుడు అమరమువద్ద మొదటి సూదిని గ్రుచ్చెను.