సెలవుల్లో నవల

రాజంపేటలో మే ఎండకు మధ్యాహ్నం బజారు ఖాళీ. హైస్కూలు పిల్లలకు నవల పట్టడానికి ఇంతకన్నా మంచి వేళ ఏముంది? 1881లో స్కాట్లాండులో వాన బయటికి పోనివ్వకపోతే, రచయిత స్టీవెన్‌సన్ తన సవతి కొడుకుతో కలిసి ఒక దీవి పటం గీశాడు. ‘ట్రెజర్ ఐలాండ్’ అందులోంచే పుట్టింది. అలా సెలవుల్లో పుట్టిన కథకు ప్రశ్నాజవాబులు అంటగట్టడం నాకెందుకో నచ్చదు. ముందు నండూరి రామమోహనరావు తెలుగు చేసిన ‘కాంచన ద్వీపం’ చదివి, తర్వాత ఇంగ్లీషు మూలం పట్టుకుంటే, కఠినమైన మాట దగ్గర పిల్లలు ఆగిపోరు. ఆయనే తెనిగించిన హకిల్‌బెరీ ఫిన్ సంగతీ అంతే. వేసవిలో ఎండిపోయే చెయ్యేరు పక్కన పెరిగినవాళ్లకు ఆ కథలోని మిసిసిపీ నది ఏం అర్థమవుతుందంటారా? 2021 నవంబరులో అదే చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగడం ఎరిగినవాళ్లకు నది గురించి మనం చెప్పేదేముంది? మార్కులతో పనిలేని చదువు ఏడాదికి ఒక నెలైనా ఉండాలి.