కొత్త లోకం, పాత బాయి

ప్రతి వేసవిలోనూ మా మేనల్లుడూ, వాడి స్నేహితులు నలుగురూ గోదావరిఖనిలోని మా ఇంటి డాబా మీద చాప పరచుకుని నా చుట్టూ చేరతారు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు లోకానికిచ్చిన ఆట ఇది. తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు: ఒకరు కథ చెబుతారు, మిగిలినవారు అందులో పాత్రలవుతారు, తలపెట్టిన సాహసం ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ చెప్పే బాధ్యత నాది. (ఈ వయసులో ఇదేమిటని సిగ్గుపడటం ఎప్పుడో మానేశాను.)

ఈ ఏడు పిల్లలొక కోరిక కోరారు. "మామా, ఈసారి కొత్త లోకం కావాలె. పుస్తకంల లేనిది." ఆ వెంటనే షరతులు మొదలయ్యాయి. డ్రాగన్ ఉండాలి. మాంత్రికుడి కోట ఉండాలి. శాపం తగిలిన అడవి ఉండాలి. అంటే లోకం కొత్తది కావాలి, పాతదేదీ పోకూడదు!

నవ్వుకున్నాను గానీ, ఇది పిల్లల తెలివితక్కువతనమేమీ కాదు. 2002లో ఈ ఆటను ప్రచురించే సంస్థ కొత్త లోకం కోసం పోటీ పెడితే పదకొండు వేలకు పైగా ప్రతిపాదనలు వచ్చిపడ్డాయి. వాటిలో నెగ్గిన కీత్ బేకర్ కల్పన 2004లో 'ఎబెరాన్' పేరుతో పుస్తకమైంది. మెరుపు రైళ్ళున్న లోకమది. అయినా ఆ పుస్తకం మొదట్లోనే అభయమిచ్చింది: ఆటలో ఇదివరకు ఉన్నదేదైనా సరే, ఇక్కడా దానికి చోటుంటుందని. అన్ని వేలమందిని వడగట్టి తెచ్చిన కొత్తదనానికి కూడా ఆ పూచీకత్తు తప్పలేదు.

మనకిది కొత్తా? చందమామ ధారావాహికలు చదివి పెరిగినవాళ్ళం. దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన పన్నెండింటిలో ఏడింటికి చోట్ల పేర్లే: కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. పేరు వినగానే కాళ్ళు అటు నడిచేవి. పక్కింటివాళ్ళు బైండు చేయించుకున్న పాత సంచికల్లో అవి చదువుతూ, ఒకటి ముగియగానే మరో చోటికి పోవాలని తహతహలాడేవాణ్ణి. అక్కడా చిత్రా గారి బొమ్మల్లో అదే మాంత్రికుడు, అదే రాక్షసుడు కనబడకపోతే అలిగేవాణ్ణి కూడా. 2010 జనవరిలో దాసరి గారు పోయారని తెలిసిన రోజున, ఆ లోకాలకు దారి చూపిన మనిషి పేరు చిన్నప్పుడు నాకు తెలియనే తెలియదే అని బాధపడ్డాను. పత్రిక ఆయన పేరు వేసేది కాదు.

2022లో అదే ఆటలో బెంగాల్ నీటినేల ఛాయలున్న శంఖభూమి అనే లోకాన్ని మిమీ మొండల్ రాశారు. చదివి అసూయపడ్డాను. గోదావరి ఒడ్డున కూర్చుని నేనెందుకు రాయకూడదు?

రాశాను. రామగిరి ఖిల్లా మాంత్రికుడి కోట అయింది. దాని కింద నల్లరాతి పాతాళం. అందులో సొరంగాలు, మలుపులు, ఉచ్చులు. అన్నిటికన్నా గొప్ప ఉచ్చు చివర్లో పెట్టాను: గోడ పగిలి, పాత సొరంగంలో నిలిచిన నీరు ఒక్కసారిగా ముంచెత్తుతుంది. పాచికలో పదిహేను పడితే బతుకుతారు, లేకపోతే లేదు.

ఆ పటం బల్ల మీద ఉండగా మా బాపు చూశాడు. ముప్పయ్యేళ్ళు బాయిలో పనిచేసిన మనిషి. కళ్ళజోడు సవరించుకుని ఆ చివరి గది దగ్గర వేలు పెట్టి "ఇదేంది?" అన్నాడు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"పదిహేడు మంది," అన్నాడు చివరికి.

2003 జూన్ 16. గోదావరిఖని 7ఎల్ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. బాపు అప్పుడు వేరే గనిలో ఉన్నాడు. డ్యూటీ దిగి ఇంటికి రాకుండా ఆ గని ముందర జనంలో నిలబడ్డ రోజులు నాకు గుర్తున్నాయి. ఆ గది గీస్తున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు! కథకు రక్తి కడుతుందని గీశాను. ఇంతకన్నా సమర్థించుకోవడానికి నా దగ్గరేమీ లేదు.

రబ్బరు తీసి ఆ గది చెరిపేశాను. పటం మొత్తం చించేయబోతుంటే బాపే ఆపాడు.

"గాలి ఎటునుంచి వస్తది దీంట్ల? బయటికి తొవ్వ ఏది? లోపలికి దిగెటోడు ముందుగాల అది జూస్కుంటడు."

నా పాతాళంలో గాలి లేదు. రెండో దారీ లేదు. పాతికేళ్ళుగా నేను ఊహించిన ఏ లోకంలోనూ లేవు. ఆ రాత్రి బాపు చెబుతూ పోయాడు, నేను గీస్తూ పోయాను. పైకప్పును కర్రతో తట్టి చూడాలట. గట్టిదైతే ఖంగుమంటుంది, పొర విడిచినదైతే డొల్లగా పలుకుతుంది. కొయ్యదుంగ దన్నుగా ఉంటే విరిగేముందు కిర్రుమని చెబుతుంది, ఇనుము చెప్పదు. అందుకే పాతకాలపు కార్మికులకు కొయ్యంటే నమ్మకం.

ఆదివారం ఆట మొదలైంది. మా పిల్లలు సొరంగంలో దిగి అలవాటు కొద్దీ కత్తులు దూశారు. ఎదురుగా ఎవరూ లేరు. "మామా, ఇదేం లోకం?" అని ఒకడు గొణిగాడు. వాళ్ళ తాతది కూడా బాయి కొలువే. కాసేపటికి వాడే అన్నాడు, "నా కర్రతోని మీద తడుతున్న. సప్పుడు ఎట్లొచ్చింది?"

నేను పాచిక అందుకునేలోగా, మంచం మీద పడుకున్న బాపు లేచి తన చేతికర్రతో రేకుల డ్రమ్మును రెండుసార్లు తట్టాడు. డొల్లగా మోగింది.

"ఎనుకకు జరుగుండ్రి," అన్నాడు.

ఐదుగురూ చాప మీదే వెనక్కి జరిగారు.

డ్రాగన్ ఏదని మేనల్లుడు ఇంకా నిలదీస్తూనే ఉన్నాడు. మాట ఇచ్చాను కనుక వచ్చే ఆదివారానికి ఎక్కడో ఒకచోట పెట్టాలి. అది ఏ తొవ్వన లోపలికి వచ్చిందో బాపు అడుగుతాడు. దానికింకా జవాబు దొరకలేదు.