వేలిముద్ర పడలేదు

టెస్ట్ సిరీస్‌లో ఒకసారి "నేర పరిశోధనలో కృత్రిమ మేధ" అన్న ప్రశ్నకు "యంత్రానికి పక్షపాతం ఉండదు" అని రాసి, కింద గీత కూడా గీశాను. దిద్దిన సార్ మార్జిన్‌లో రాశారు: "మరి దాన్ని క్రాస్ ఎగ్జామిన్ చేసేదెవరు?" పదికి మూడు. మీలోనూ చాలామంది ఆ వాక్యం రాసే ఉంటారు.

ఆ వారం ఊరెళ్తే, రేషన్ షాపులో అమ్మ వేలిముద్ర మళ్ళీ పడలేదు. మిరప తోటల్లో కూలికెళ్ళి వేళ్ళ గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడుచుకుని మూడుసార్లు పెట్టింది. నిజానికి అక్కడ యంత్రం పని తేలికే: ఈ వేలు, ఆధార్‌లోని వేలు ఒకటేనా అని చూడాలి, అంతే. నేరస్థలంలో దొరికిన అరకొర ముద్రను లక్షల ముద్రల్లో వెతకడం వేరు. అక్కడ యంత్రం "ఇతనే" అనదు, పోలిక ఉన్నవాళ్ళ జాబితా ఇస్తుంది. తేల్చాల్సింది నిపుణుడు.

2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలాయి. డిటొనేటర్లున్న ప్లాస్టిక్ సంచి మీది ముద్రను ఎఫ్‌బీఐ కంప్యూటర్‌లో వెతికితే 20 ముద్రలు వచ్చాయి. అందులో ఒకటి అమెరికాలోని ఓరెగాన్ న్యాయవాదిది. అతనిదేనని నిపుణులు తేల్చారు. స్పెయిన్ పోలీసులు ఒప్పుకోకపోయినా అతన్ని రెండు వారాలు నిర్బంధించారు. చివరికి ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్థుడిదని తేలింది. తర్వాతి విచారణలో బయటపడిందేమిటంటే, నిపుణులు న్యాయవాది ముద్రలో చూసిన గుర్తులను సంచి మీది మసక ముద్రలోనూ "చూశారు". నాకు భయం వేసేది ఇక్కడే. యంత్రం తప్పు చేయలేదు. అంత దగ్గరి పోలికను వెతికి పట్టుకోవడమే దాని పని, ఆ పోలికే మనిషి కంటిని మోసం చేసింది.

ఇక మన సంగతి. వేలిముద్రల వర్గీకరణకు లెక్క కట్టింది కలకత్తాలో అజీజుల్ హక్, హేమ్‌చంద్ర బోస్. పేరు మాత్రం పైఅధికారి హెన్రీకి పోయింది (ప్రిలిమ్స్‌కి గుర్తుంచుకోండి). ఆ గళ్ళ బీరువాల పని ఇప్పుడు నాఫిస్ చేస్తోంది, 2022 నుంచి. అదే ఏడాది వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం ఇలాంటి రికార్డులను 75 ఏళ్ళు ఉంచవచ్చంది. డేటా పెరిగేకొద్దీ, యాదృచ్ఛికంగా దగ్గరగా కనిపించే ముద్రలూ పెరుగుతాయి. ఈ మాట మన జవాబుల్లో కనపడదు.

భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 39 నిపుణుడి అభిప్రాయాన్ని సాక్ష్యంగా చూస్తుంది. అయితే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 329 ప్రకారం ఫింగర్‌ప్రింట్ బ్యూరో డైరెక్టర్ నివేదికను, ఆయన్ని పిలవకుండానే సాక్ష్యంగా వాడుకోవచ్చు. పిలవాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం. సార్ ప్రశ్న అప్పుడు అర్థమైంది.

అదే ప్రశ్నకు మళ్ళీ రాశాను. జాబితాలో ఎంతమంది వచ్చారు, నిందితుడు ఎన్నోవాడు, రెండో నిపుణుడు మొదటివారి అభిప్రాయం తెలియకుండానే చూశారా — ఈ మూడూ నివేదికలో ఉండాలని రాశాను. ఐదున్నర వచ్చింది.