ముందు రెండు చక్రాలు చాలు

బెంగళూరు శివార్లలోని సర్జాపురలో నా షెడ్డుకు వచ్చే కార్లు రెండు రకాలు. సర్వీసుకు వచ్చేవి పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతాయి. ర్యాలీకి తయారయ్యేవి నెలల తరబడి ఇక్కడే ఉంటాయి. లోపలి సీట్లు, కార్పెట్లు, డోర్ ప్యాడ్లు పీకేసి, రోల్ కేజ్ వెల్డింగ్ చేసి, బకెట్ సీట్లు, బెల్టులు బిగించి, కింద సంప్ గార్డ్ వేసి, డాంపర్లు మార్చి, పోటీకి ముందు జరిగే తనిఖీలో నిలబడేలా చేస్తాం. మాది కదిరి పక్క. ఇక్కడ స్థిరపడటానికి భాష ఎప్పుడూ అడ్డం రాలేదు. ఆనేకల్, మాలూరు, హోసూరు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా తెలుగులో పలికేవాళ్లుంటారు. షెడ్డుకు వచ్చే కుర్రాళ్లలోనూ తెలుగువాళ్లే ఎక్కువ. సర్జాపుర రోడ్డు పొడవునా ఉన్న ఆఫీసుల్లో పనిచేస్తూ, శని ఆదివారాలు మట్టిలో కారు నడపాలని వచ్చే పిల్లలు.

వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, పాత ఆల్ వీల్ డ్రైవ్ బండి ఒకటి మంచి రేటుకు వస్తోంది. ర్యాలీకి దాన్నే చేద్దామా?"

వద్దంటాను. మొదటి కారు ముందు చక్రాలు లాగే చిన్న కారే కావాలంటాను. ఆ మాట వినగానే కొందరి మొహం చిన్నబోతుంది. ప్రపంచ ర్యాలీ వీడియోలు చూసి వచ్చినవాళ్లకు అది సహజమే. అందులో ముందు వరుసలో కనిపించే కార్లన్నీ నాలుగు చక్రాలతో మట్టిని చిమ్ముకుంటూ పోయేవే.

ఆ చరిత్ర నాకూ ఇష్టమే. 1980లో జెనీవా మోటార్ షోలో ఆడి క్వాట్రోను చూపించారు. 1981లో అది ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి దిగింది. అదే ఏడాది ఇటలీలోని సాన్‌రెమోలో ఆ కారుతో మిషెల్ మూటాన్ గెలిచింది. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక ర్యాలీ గెలిచిన మొదటి మహిళ ఆమె. అయినా 1982లో డ్రైవర్ల టైటిల్ వాల్టర్ రోర్ల్‌కు వచ్చింది. ఆయన నడిపింది వెనక చక్రాల ఓపెల్ అస్కోనా. 1983లో తయారీదారుల టైటిల్ కొట్టిన లాంచియా 037 కూడా వెనక చక్రాల కారే. ఆ తర్వాత మాత్రం రెండు చక్రాలే లాగే కారుకు ఆ టైటిల్ మళ్లీ దక్కలేదు.

మరి నేను వద్దనడం ఎందుకు? దానికి టైరు దగ్గర మొదలుపెట్టాలి. టైరుకు నేల మీద ఉండే పట్టుకు ఒక హద్దు ఉంది. లాగడానికి, తిరగడానికి, ఆగడానికి ఆ పట్టునే పంచుకోవాలి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ఈ మూడు పనుల్లోనూ ఎక్కువ భారం ముందు టైర్ల నెత్తినే పడుతుంది. మలుపులో ఉండగానే యాక్సిలరేటర్ తొక్కితే పట్టంతా లాగడానికే పోతుంది, తిరగడానికి మిగలదు. స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోతుంది. శక్తిని నాలుగు చక్రాలకూ పంచితే ఒక్కో టైరు మీద లాగే భారం సగానికి దిగుతుంది, మిగిలిన పట్టు తిరగడానికి దొరుకుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ గొప్పతనం ఇదే, ఇందులో వాదనేమీ లేదు.

కానీ లాగే భారం ఎంత ఉందన్నది చూడాలి. ర్యాలీ క్వాట్రో ఇంజన్‌ది 300 హార్స్‌పవర్‌కు పైన. మన కుర్రాళ్లు తెచ్చే కార్లవి 80, 90, మహా అయితే 110. అంత చిన్న ఇంజన్‌ను రెండు టైర్లు చక్కగా మోయగలవు. దానికి ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక డిఫరెన్షియల్, మరో రెండు డ్రైవ్‌షాఫ్టులు, కప్లింగ్ తగిలిస్తే బరువు పెరుగుతుంది. ఇంజన్ శక్తిలో కొంత ఆ గేర్లను తిప్పడానికే ఖర్చవుతుంది. పట్టులో వచ్చే లాభం బరువు తినేస్తుంది. ఇంజన్ పెద్దదైతే ఈ లెక్క తిరగబడుతుంది, అది వేరే మాట.

ఇంకో సంగతి ఉంది, కుర్రాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు నాకు. బ్రేక్ వేసినప్పుడు ఏ కారుకైనా నాలుగు చక్రాలే. ఆల్ వీల్ డ్రైవ్ కారు మలుపు నుంచి బయటికి త్వరగా లాగుతుంది, మలుపులోకి వచ్చేటప్పుడు ఆపడంలో దాని సాయం ఏమీ ఉండదు. పైగా బరువెక్కువ. నేరుగా ఉన్న దారిలో వేగం తేలిగ్గా అందుతుంది కాబట్టి, కొత్తవాడు తన చేతికి మించిన వేగంతో మలుపు దగ్గరికి చేరతాడు.

మన దేశంలో ర్యాలీ పెరిగిన దారి చూసినా ఇదే కనిపిస్తుంది. జాతీయ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఏళ్ల తరబడి తిరిగినవి మారుతి ఎస్టీమ్, మిత్సుబిషి సీడియా, ఆ తర్వాత ఫోక్స్‌వ్యాగన్ పోలో. అన్నీ ముందు చక్రాల కార్లే. కోయంబత్తూరులో, చిక్కమగళూరు కాఫీ తోటల్లో, తుమకూరు చుట్టూ జరిగిన కె-1000 ర్యాలీలో మన డ్రైవర్లు వాటితోనే రాటుదేలారు. గౌరవ్ గిల్ 2013, 2016, 2017లలో ఆసియా పసిఫిక్ చాంపియన్ అయ్యాడు, 2019లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఆ మూడు టైటిళ్లూ నాలుగు చక్రాల స్కోడా ఫాబియాతో గెలిచినవే. కానీ అది కారు ఎంచుకోవడం గురించి చెప్పే ఉదాహరణ కాదు. ఆ కారు చేతికి వచ్చేనాటికే అతను దేశవాళీ ర్యాలీల్లో ఆరితేరినవాడు.

అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య పెట్టిన మెట్లు కూడా ఈ వరసలోనే ఉన్నాయి. ర్యాలీ5, ర్యాలీ4 తరగతులు ముందు చక్రాల కార్లవి. ర్యాలీ3 నుంచి పైకి నాలుగు చక్రాలు. ర్యాలీ4, ర్యాలీ3 కార్ల ఇంజన్ శక్తిలో పెద్ద తేడా లేదు, రెండూ 200 హార్స్‌పవర్‌కు కాస్త అటూ ఇటూ. అయినా మెట్టు మెట్టే. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జూనియర్ డ్రైవర్లు సైతం 2021 దాకా ముందు చక్రాల ఫోర్డ్ ఫియస్టా నడిపి, 2022లోనే నాలుగు చక్రాలకు మారారు.

సర్జాపుర నుంచి మాలూరు వైపు, చిక్క తిరుపతి దారికి పక్కగా, ఒక రైతు పొలం అడిగి తీసుకుని అక్కడ నేర్పిస్తుంటాం. ఎర్ర నేల. వాన లేనప్పుడు పైన సన్న గులకరాళ్లు, కింద గట్టి నేల. టైరు ఆ రాళ్ల మీద దొర్లినట్టు జారుతుంది. ఒక్క వాన పడితే అదే నేల సబ్బు రాసినట్టవుతుంది. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఆ రైతు పెద్దాయన గట్టు మీద నిలబడి చూస్తుంటాడు. "ఏమప్పా, దుమ్ము నా రాగి మీదికి రాకుండా చూసుకో, అంతే" అంటాడు. గాలి అటు తిరిగితే ఆపేస్తాం. ఆ మాట దాటితే మరుసటి వారం పొలం ఉండదు. ఇప్పటికే చుట్టుపక్కల నీలగిరి తోటలు పోయి విల్లాల ప్రహరీలు లేస్తున్నాయి. మట్టి నేల దొరకడమే రోజురోజుకీ కష్టమవుతోంది.

గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి అక్కడ నేర్పించాను. పాత స్విఫ్ట్ కొనుక్కుంది. పక్క సీట్లో నేను.

"అన్నా, ముందు చక్రాలు మాట వినట్లేదు."

"స్టీరింగ్ ఇంకా తిప్పకమ్మా. కాలు కొంచెం పైకి తియ్. ఎడం కాలితో బ్రేక్ తాకించు, తొక్కొద్దు."

బ్రేక్ తాకగానే బరువు ముందుకు వచ్చింది. ముందు టైర్లు నేలను పట్టుకున్నాయి, వెనక భాగం తేలికై పక్కకు జరిగింది, కారు మలుపులోకి ముక్కు తిప్పింది. ఆ అమ్మాయి మొహంలో వెలుగు చూడాలి. బరువు ఎటు పోతే పట్టు అటు పోతుందని ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా రానిది ఆ ఒక్క క్షణంలో ఒంటికి తెలిసింది. ఈ ఎడం కాలి బ్రేకును ముందు చక్రాల కార్లతో పదునుపెట్టింది నార్డిక్ దేశాల డ్రైవర్లు. 1965లో, 1967లో మాంటె కార్లో ర్యాలీని చిన్న మినీ కూపర్‌తో గెలిచిన టిమో మాకినెన్, రౌనో ఆల్టొనెన్ ఇద్దరూ ఫిన్లాండ్ వాళ్లే. చేతిలో శక్తి తక్కువ ఉన్నప్పుడు వేగాన్ని పోగొట్టుకోకుండా కాపాడుకోవాలి. ముందు చక్రాల కారు అది నేర్పి తీరుతుంది. ఆల్ వీల్ డ్రైవ్‌లో లైను తప్పినా యాక్సిలరేటర్ తొక్కి బయటపడొచ్చు. తప్పు జరిగిందని కూడా తెలియదు.

ఇక మార్కెట్లో దొరికే ఆల్ వీల్ డ్రైవ్ బండ్ల గురించి. మన దగ్గర అమ్మిన ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీల్లో చాలావాటికి మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. క్లచ్ కప్లింగ్ ఉంటుంది. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. అవి జారినట్టు సెన్సర్లు పసిగట్టాక కప్లింగ్ బిగుసుకుని వెనక్కి కొంత శక్తి పంపుతుంది. వానలో ఘాట్ ఎక్కడానికి, బురదలోంచి బయటపడటానికి అది చక్కటి ఏర్పాటు. పోటీలో టైర్లు మొదటి నుంచి చివరిదాకా జారుతూనే ఉంటాయి. కప్లింగ్ వేడెక్కుతుంది, తనను తాను కాపాడుకోవడానికి వెనక చక్రాలను వదిలేస్తుంది. అప్పుడు మిగిలేది బరువైన ముందు చక్రాల కారు. అదీ మలుపు మధ్యలో స్వభావం మారిన కారు.

టైర్లలో ఇంకో చిక్కుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారుకు నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ఒక టైరు చీలిందని కొత్తది ఒక్కటే వేస్తే చుట్టుకొలతలో తేడా వచ్చి చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతాయి, కప్లింగ్ ఊరికే వేడెక్కుతుంది. రాళ్ల దారుల్లో టైర్లు చీలడం మాకు మామూలు. ముందు చక్రాల కారుకైతే మంచివి రెండూ ముందుకు మార్చి ఆ రోజు గడిపేయొచ్చు. డ్రైవ్‌షాఫ్టు విరిగితే సాయంత్రానికి బెంగళూరు జేసీ రోడ్డు నుంచి వేరేది తెచ్చుకోవచ్చు. వెనక కప్లింగ్ పోతే ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. ఈలోగా పోటీ అయిపోతుంది.

అందుకే ఆల్ వీల్ డ్రైవ్ కోసం దాచిన డబ్బును నేను వేరే చోట పెట్టిస్తాను. మొదట కేజ్, సీటు, బెల్టు, హెల్మెట్, మెడను కాపాడే హాన్స్ పరికరం. వీటిలో బేరం లేదు. తర్వాత డాంపర్లు. ఆ తర్వాత గ్రావెల్ టైర్లు. చివరికి డబ్బు మిగిలితే ప్లేట్ టైపు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్‌ఎస్‌డీ). మామూలు డిఫరెన్షియల్ ఉంటే మలుపులో తేలికైన లోపలి చక్రం ఊరికే గిర్రున తిరిగి శక్తినంతా పారేస్తుంది. ఎల్‌ఎస్‌డీ వేస్తే బయటి చక్రానికి కూడా లాగుడు అందుతుంది. నాలుగు చక్రాలతో దొరుకుతుందనుకున్న పట్టులో మంచి భాగం ఇక్కడే దొరుకుతుంది. ఒక్క టైం-స్పీడ్-డిస్టెన్స్ ర్యాలీలకైతే ఇవేవీ అక్కర్లేదు. అక్కడ చట్టం ఒప్పుకునే వేగంలోనే, ఇచ్చిన సగటును సెకన్ల లెక్కన నిలబెట్టాలి. ఇంట్లో ఉన్న కారు, పక్కన లెక్కలు బాగా చేసే స్నేహితుడు ఉంటే చాలు.

కారు తయారైందని ఊరి రోడ్ల మీద పరీక్షించడానికి నేను ఒప్పుకోను. మేకలు, పిల్లలు, ట్రాక్టర్లు తిరిగే దారులు అవి. పంటకోతల రోజుల్లో ఉలవ కట్టెను రోడ్డు మీద పరుస్తారు, బండ్ల చక్రాలు తొక్కి గింజ రాలాలని. ఆ కట్టె కారు కింద తిరిగే షాఫ్టులకు చుట్టుకుని, వేడెక్కిన సైలెన్సర్‌కు తగిలి నిప్పంటుకుంటుంది. ఈ ప్రాంతంలో అలా కార్లు కాలిపోయాయి. పొడవునా షాఫ్టు తిరిగే నాలుగు చక్రాల బండికి ఆ ప్రమాదం మరింత ఎక్కువ. కాబట్టి అలాంటి చోటు దాటాక ఎవరైనా సరే ఆపి కిందికి వంగి చూడాల్సిందే.

మారుతి జిప్సీ మాత్రం నాకు వేరే లెక్క. 1985లో వచ్చిన ఆ బండి ఆల్ వీల్ డ్రైవ్ కాదు, పార్ట్ టైం ఫోర్ వీల్ డ్రైవ్. లివర్ వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకదానికొకటి గట్టిగా కట్టేసినట్టే. మట్టిలో టైరు కొంచెం జారి ఆ బిగింపును వదులు చేస్తుంది. తారు రోడ్డు మీద అలా జారదు కాబట్టి లోపలి గేర్లు మెలిపడి విరిగేదాకా పోతాయి. తారు మీద వెనక చక్రాలతోనే నడపాలి. తర్వాతి మోడళ్లలో 1298 సీసీ, 80 హార్స్‌పవర్, నాలుగు వైపులా కమాన్ పట్టాలు. కాగితం మీద చూస్తే ఏమీ లేదు. అయినా 1999లో మొదలైన రెయిడ్ డి హిమాలయలో మంచు, రాళ్లు, వాగులు దాటి ఏళ్ల తరబడి ముందు నిలిచింది అదే. మనాలికి చెందిన సురేశ్ రాణా ఆ పోటీని మళ్లీ మళ్లీ గెలిచిన బండ్లలో జిప్సీ ఒకటి. దారి ఉందో లేదో తెలియని చోట నాలుగు చక్రాలు కావాలి. ఎడారి, హిమాలయాల క్రాస్ కంట్రీ పోటీలే తన గురి అని తేల్చుకుని వచ్చినవాడికి నేను స్విఫ్ట్ అంటగట్టను.

అలాంటివాళ్లు పాత జిప్సీ కొనబోయే ముందు నన్ను వెంట తీసుకెళ్తారు. ఇంజన్ శబ్దం చివర వింటాను. ముందు కిందికి దూరి, కమాన్ పట్టాల బ్రాకెట్లు ఛాసిస్‌కు కలిసే చోట సుత్తితో తట్టి తుప్పు చూస్తాను. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి కింగ్ పిన్ బేరింగులు చూస్తాను. అవి అరిగితే వేగంలో స్టీరింగ్ చేతుల్లో వణికిపోతుంది. తర్వాత మట్టి నేల మీద ఫోర్ వీల్ లివర్ వేసి ముందుకీ వెనక్కీ నడిపిస్తాను. లివర్ దానంతటది జారి బయటికి వచ్చిందా, బేరం అక్కడితో ఆపేస్తాం.