అద్దాలతొట్టి క్రింది సంపు

సంపు అనిన తెలుగు గృహస్థులలో నెఱుగనివారుండరు. కొళాయినీరు వచ్చిన గంటలోనే పట్టి నిలువచేసికొనుటకై వాకిట భూమిలో కట్టించిన తొట్టికా పేరు. దానిపై మూత యుండును. మూతపై పూలకుండీ యుండును. వచ్చిన చుట్టములకు పూలకుండీ మాత్రమే కనబడును. మేమిప్పుడు ప్రస్తావింపబోవు సంపు మఱియొకటి. అదియు మఱుగుననే యుండును గాని అందలి నీరు ఉప్పునీరు. దానిని మా యింట నమర్చుటకు ముందును, అమర్చునప్పుడును మేము చేసిన పొరపాట్లను దాచక చెప్పవలయునని మా సంకల్పము. చదువరులలో సముద్రపుచేపలను పెంచువారు కొద్దిమందియే యుందురు. తక్కినవారు దీనిని ఒక గృహస్థుని దుబారాఖర్చుల పద్దుగా నెంచి చదివినను మాకు కష్టము లేదు.

మా నివాసము విశాఖపట్టణము. ఉద్యోగము విరమించిన సంవత్సరమున నాలుగడుగుల పొడవును, అడుగున్నర వెడల్పును, అడుగున్నర యెత్తును గల అద్దాలతొట్టి నొకదానిని చేయించి, వీధితలుపు తెఱవగానే కనబడునట్లు హాలులో పెట్టించితిమి. అంచులవఱకు పోసిన 255 లీటర్లు పట్టును. సముద్రము కనుచూపుమేరలో నుండగా ఉప్పు కొనుటెందుకని మొదట తీరమునుండియే నీరు మోయించితిమి. వానకాలము పోయిన తరువాతగాని మా పొదుపులోని తెలివితక్కువ బయటపడలేదు. గోదావరి మొదలు గంగవఱకు మహానదులు బంగాళాఖాతమున కలియుటచేత ఆ దినములలో తీరపునీటిలోని యుప్పు మిక్కిలి తగ్గును. పగడపుదిబ్బల చేపలకు వేయిపాళ్ల నీటిలో ఇంచుమించు 35 పాళ్ల లవణముండవలయును. కడకు, సముద్రపు టొడ్డున కాపురముండియు, సముద్రపునీటికని తయారుచేసి అమ్ము ఉప్పును సంచులతో కొని మంచినీట కలుపుకొంటిమి.

చేపలు వచ్చినవి, చూడవచ్చువారును వచ్చిరి. వారు మెచ్చుకొనుచుండ మాకు లోభము పుట్టినది. మాండరిన్ అను చేప యొకటి కలదు. దాని దేశము పశ్చిమ పసిఫిక్ సముద్రము. జపానునకు దక్షిణమున నున్న ర్యూక్యూ దీవులు మొదలు ఆస్ట్రేలియావఱకు పగడపుదిబ్బల సందులలో నుండును. నీలివన్నె యొంటిపై నారింజవన్నె మెలికలు. పట్టుచీర నేసినవాడు సెలవుదినమున సరదాకు గీచినట్లుండును. అమ్మిన వర్తకుడు, ఏది వేసిన నదియే తినునని చెప్పెను. మేమును నమ్మితిమి, నమ్ముటకు సిద్ధముగా నున్నవారిని నమ్మించుట కష్టము గాదు. ఆ చేప నిజముగా తినునది మనము వేయు మేత కాదు. రాళ్లపై ప్రాకు కోపిపాడ్లు మున్నగు సూక్ష్మజీవులను ప్రొద్దుటినుండి సాయంకాలమువఱకు ఒక్కొక్కటిగా నేరుకొని తినును. మా తొట్టి క్రొత్తది. అందలి రాళ్లు కడిగిన పళ్లెములవలె శుభ్రముగా నుండెను. ఆ దిక్కులేని ప్రాణి రాతినుండి రాతికి తిరిగి తిరిగి, కడుపు లోపలికి పోయి, ఏడవవారమున చనిపోయినది. "తాతయ్యా, రోజూ మేత వేశాము గదా, మరి ఆకలితో ఎలా చచ్చిపోయింది?" అని మనుమరాలడిగెను. ఎనిమిదేండ్ల పిల్ల. మేమేదో చెప్పితిమి. ఏమి చెప్పితిమో వ్రాయుటకు సిగ్గగుచున్నది.

ఆ వారముననే నీటిని పరీక్షించి చూడగా నైట్రేటు మితిమీరి యుండెను. చేపల మలమునుండియు, మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టును. కంటికి కనబడని సూక్ష్మక్రిములు కొన్ని దానిని నైట్రైటుగను, మఱికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. అక్కడితో వాటి పని సరి. ఆ నైట్రేటు నీటిలోనే పేరుకొనును. నీరు మార్చిననైన పోవలయును, ఏదైన పచ్చని మొక్క తిననైన తినవలయును. ఈ రెంటికిని తగిన ఏర్పాటు మా యింట లేదు. కనబడు తొట్టి యొక్కటే కట్టుకొంటిమి; దాని మడ్డి ఎక్కడికి పోవలయునో, దాని ప్రాణులకు మేత ఎక్కడ పుట్టవలయునో ఆలోచింపలేదు.

ఇది మాకొక్కరికే క్రొత్తగా తోచిన సంగతి కాదు. 1871 సంవత్సరమున లండను క్రిస్టల్ ప్యాలెసునందు తెఱచిన అక్వేరియమునకు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అనునతడు నీటి ఏర్పాట్లు చేసెను. జనులు చూచు తొట్లకంటె కొన్ని రెట్లు పెద్దదగు చీకటి కోష్ఠమును నేల క్రింద నతడు కట్టించి, ఆవిరియంత్రములతో నీటిని పైకి త్రోయించి, మరల క్రిందికి పాఱించుచుండెను. చీకటిలో నాచు పట్టదు. నీరు ఎక్కువగుటచే కలిగిన దోషము పలుచబడును. టిక్కెట్టు కొని వచ్చినవారిలో ఆ కోష్ఠమును చూచినవారెందరు?

మా శక్తికొలది మేమును మొదలుపెట్టితిమి. తొట్టి పీట క్రింది అలమరలో మూడడుగుల పొడవు, పదునైదంగుళముల వెడల్పు, అంతే యెత్తు గల మఱియొక అద్దపుతొట్టి. అదే సంపు. దానిలో అడ్డుపలకలతో మూడు గదులు. పైతొట్టి అంచున పొరలిన నీరు గొట్టముగుండ మొదటిగదిలోని గుడ్డసంచిలో పడును. రెండవగదిలో నురుగుయంత్రము మలినమును నురుగుగా తీసివేయును. మూడవగదిలోని పంపు నీటిని మరల పైకి త్రోయును. నీరావిరియై తగ్గుట యీ మూడవగదిలోనే తెలియును. ఆవిరియై పోవునది నీరే గాని ఉప్పు కాదు గనుక, ఆ లోటు మంచినీటితోనే పూడ్చవలయును. ఉప్పునీటితో పూడ్చినవారి చేపలు నెలలోపల ఉప్పుచేపలగును.

ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని నీరు పైకి వచ్చు గొట్టపు మూతి కంటికి వికారముగా నున్నదని దానిని నీటిమట్టమునకు ఆఱంగుళముల లోతున రాతిచాటున దాచితిమి. ఒకనాటి రాత్రి రెండుగంటల వేళ కరెంటు పోయినది. పంపు ఆగినది. ఆగిన పంపుగుండ పైనీరు వెనుకకు పీల్చుకొని క్రిందికి దిగసాగినది. గొట్టపు మూతి గాలిలో తేలువఱకు దిగుచునే యుండును. లెక్క కట్టుట సులభము. పైతొట్టిలో ఆఱంగుళముల నీరనగా 85 లీటర్లు. సంపులో మేము విడిచిన ఖాళీ ఆఱంగుళములే గాని, దాని వైశాల్యము చిన్నదగుటచే అందు పట్టునది 53 లీటర్లు. మిగిలిన 32 లీటర్లు హాలులోనికి వచ్చి, తివాచీ తడిపి, పుస్తకాల బీరువా కాళ్లు తడిపి, వంటింటి గడప దాటినవి.

తెల్లవాఱి ఇల్లు తుడుచుటకు వచ్చిన యామె నడుము వంచి గంటన్నరసేపు ఉప్పునీరు పిండినది. మా గృహిణి ఆమెతోకూడ వంగినది. మేము కాగితము పెన్సిలు పట్టుకొని పైలెక్క వేయుచు కుర్చీలో కూర్చుంటిమి. లెక్క తేలినదని మేము సంతోషింపగా ఆమె గుడ్డ పిండుచు, "పైనీళ్లు కిందకి దిగుతాయని తెలిసీ కింది తొట్టి చిన్నది కట్టించీసినారేటండి, బాబుగారూ?" అనెను. అద్దము కోసినవాడును అడుగలేదు, పంపు అమ్మినవాడును అడుగలేదు, మేమును అడుగుకొనలేదు.

ఆ మధ్యాహ్నము మాకు ఆన్నా థిన్ అను ఆంగ్లస్త్రీ కథ జ్ఞప్తికి వచ్చినది. ఆమె వెస్ట్‌మినిస్టరు మతాధికారి భార్య. 1846లో టార్కీ తీరమున దొరికిన రాతిపగడములను లండనునకు తెచ్చి బ్రతికించినది. అప్పటికి పంపులు లేవు. నీటికి గాలి సోకుటకై తెఱచిన కిటికీ యెదుట ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి ఆ నీటిని దినదినమును పోసిపోసి తిరుగబోయవలసియుండెను. ఆ పని చేసినది ఇంటి పరిచారిక. చరిత్రలో నిలిచిన పేరు మాత్రము యజమానురాలిది. పిమ్మట 1847లో థిన్ గారు సజీవమగు సముద్రపునాచును తెప్పించి ఆ నీటిలో నుంచగా, పగడములకు వలయు ప్రాణవాయువు నాచే యియ్యజొచ్చెను. పచ్చనాకు ఒకటి మనుష్యుని చేతి నొప్పిని తీర్చిన కథలలో మాకు మిక్కిలి ప్రియమైనది ఇది.

గొట్టపు మూతిని నీటిమట్టమునకు ఒక్క అంగుళము క్రిందికి ఎత్తించి, దానికి నీటిమట్టమువద్దనే చిన్న రంధ్రము వేయించితిమి. మట్టము కొంచెము తగ్గగానే రంధ్రమున గాలి దూరి నీటి పీల్పు తెగిపోవును. ఒకవైపునకే నీటిని విడుచు మరలు అంగడిలో దొరకును గాని వాటిని నమ్మరాదు. ఉప్పు పేరుకొనిననో, నత్త యొకటి ఇఱుకుకొనిననో అవి మూసికొనవు.

ఇక రెఫ్యూజియము. శరణాలయమని దాని యర్థము. శరణు పొందునవి చేపలు కావు, చేపలు తిను పురుగులు. పలువురు దీనిని సంపులోనే ఒక గదిగా నమర్తురు. మేము వేఱుగా, పైతొట్టికి ప్రక్కన జానెడెత్తు బల్లపై, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల 57 లీటర్ల తొట్టిలో పెట్టితిమి. సంపులోని ఖాళీ ప్రమాదవేళకు విడువవలసిన ఖాళీ యని అనుభవముచే నేర్చుకొంటిమి గదా. మఱియు నెత్తున నుండుటచే అందు పుట్టిన జీవులు పంపు రెక్కలలో పడక, పొరలిన నీటితో తమంతట తామే పెద్దతొట్టిలో పడును. క్రింది పంపునుండి సన్నని పాయ యొకటి మాత్రము దానికి విడిచితిమి; అక్కడ వేగము పనికిరాదు.

మొదట అందు కాలెర్పా యను నాచును వేసితిమి. చూచుటకు ద్రాక్షగుత్తులవలె అందముగా నుండును. అందమునకు మరల మోసపోయితిమి. ఆ జాతి నాచు ఒక్కొకప్పుడు తనలోని సారమంతయు బీజకణములుగా నీటిలోనికి విడిచి తాను చచ్చును. ఒక యుదయమున లేచి చూతుము గదా, నీరంతయు బియ్యపు కడుగువలె తెల్లబడి, నాచు ఆకులు గాజు కాగితములై తేలుచున్నవి. ఆఱునెలలు అది తిన్నదంతయు ఒక్కరాత్రి కక్కివేసినది. సగము నీరు మార్చి, చేపలను దక్కించుకొని, తరువాత కీటోమార్ఫాను తెప్పించితిమి. అది చిక్కుపడిన ఆకుపచ్చని దారపుండవలె నుండును; చూపునకేమియు లేదు. మా విశాఖ రాళ్లపై అలల దెబ్బకు నిలిచి పెరుగునదియు ఆ జాతిలోనిదే. రాత్రివేళ, పెద్దతొట్టి దీపమార్పిన పిదప, దీనికి దీపము వెలిగింతుము. చీకటిలో చేపలును నాచులును విడుచు బొగ్గుపులుసుగాలిని ఇది తినుటచే నీటి క్షారగుణము తెల్లవాఱువఱకు అంతగా పడిపోదు. పదునైదు దినములకొకమారు గుప్పెడు తీసి, ఉప్పుపోవ కడిగి, ఎరువుకుండలో వేయుదుము. నైట్రేటు ఆ విధముగా ఇల్లు దాటి పోవును.

సజీవశిల యని పగడపు రాళ్లను తెచ్చి వేసిన త్వరగా జీవము పట్టునని సలహా చెప్పినవారు కలరు. దిబ్బలను కట్టు పగడములను 2001లో మన వన్యప్రాణి సంరక్షణచట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి. చట్టము లేకున్నను దిబ్బను విఱుగగొట్టి శరణాలయము కట్టుట మాకు రుచింపలేదు. వట్టి రాళ్లు వేసి, తోటి అభిరుచిగలవారొకరు సీసాలో పెంచి యిచ్చిన కోపిపాడ్లను విడిచి, కాచుకొంటిమి. ఆలస్యమైనది.

మొన్న ఆదివారము ఇంటివారందఱి యెదుట పంపు స్విచ్చిని మేమే ఆపితిమి. ఇల్లు తుడుచు ఆమె పొడిగుడ్డతో ప్రక్కన నిలువబడెను. సంపులో నీరు లేచి లేచి, అంచునకు మూడంగుళముల క్రింద నిలిచిపోయెను. ఆమె కొంతసేపు చూచి, "ఇంకా దిగుద్దేమో ఉండండి" అనెను. అందఱము ఉంటిమి. దిగలేదు.

ఆ రాత్రి మనుమరాలు టార్చిదీపము వేసి శరణాలయపు అద్దముపై తెల్లని చుక్కలు గంతులువేయుట చూచి లెక్కపెట్టబోయి ఓడిపోయినది. మఱియొక మాండరిన్‌ను తెత్తమా యని అడుగుచున్నది. పెద్దతొట్టి రాళ్లపైకూడ ఆ చుక్కలు కనబడువఱకు తేవలదని ఆమెయే పలకపై వ్రాసి గోడకు తగిలించినది గనుక, దినమొకమారు ఆ రాళ్లపైకి టార్చి వేసి చూచుచున్నాము.