బేగం బజారులో వదిలి వచ్చిన గుండిగ

దేవుని కృపను బట్టి మాకు పెళ్లయి ముప్పై సంవత్సరాలు దాటాయి. ఇన్నేళ్లలో డబ్బు లేక మేము పోట్లాడుకున్న రోజులు తక్కువే. నమ్మండి. లేనప్పుడు పోట్లాడటానికి ఏముంటుంది? ఉన్న నాలుగు వందలను ఎలా సర్దాలా అని ఇద్దరం గడపలో కూర్చుని లెక్క చూసుకునేవాళ్లం. అనుకోకుండా నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చినప్పుడే మా ఇంట్లో మాటలు పెరిగాయి. అలా రెండుసార్లు వచ్చింది. మొదటిసారి మేము ఓడిపోయాం. రెండవసారి ఏం జరిగిందో చెప్పాలంటే ముందు ఆ ఓటమి సంగతి చెప్పాలి.

మాది వరంగల్ దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల నల్లరేగడి. పత్తి తప్ప వేరే పంట మాకు పెద్దగా తెలియదు. 2011 మొదట్లో పత్తి ధర ఎవరూ ఊహించనంత పెరిగింది. ప్రభుత్వం ఇచ్చిన మద్దతు ధర పొడుగు పింజకు 3,000 రూపాయలు. ఏనుమాముల మార్కెట్లో క్వింటాలు ఏడు వేల దాకా పలికింది. పాకిస్తానులో 2010లో వరదలు వచ్చాయట, ప్రపంచంలో పత్తి నిల్వలు తగ్గిపోయాయట. ఆ కారణాలన్నీ మాకు తర్వాత తెలిశాయి. ఆ రోజున మాకు తెలిసింది ఒక్కటే. తక్‌పట్టీ మీద ఉన్న అంకె మేము ఎన్నడూ చూడనిది.

మేము మామూలుగానే దున్నాం, మామూలుగానే కలుపు తీశాం. ధర ఎక్కడి నుండో వచ్చింది. అయినా అది మా తెలివి వల్ల వచ్చినట్టే నడుచుకున్నాం. మోటారు సైకిలు కొన్నాం. సగం డబ్బు కట్టి, మిగతా సగం కిస్తీలు పెట్టుకున్నాం. ముందు వసారాకు స్లాబు వేయించడం మొదలుపెట్టాం. అన్నిటికంటే పెద్ద తప్పు, వచ్చే ఏడు కూడా ఇదే ధర ఉంటుందని ఇంకో మూడెకరాలు కౌలుకు పట్టాం. దశమ భాగం అన్నిటికంటే చివర, మిగిలిన దానిలో నుండి ఇచ్చాం. ఇచ్చామని చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేంత ఇచ్చాం.

మరుసటి ఏడు ధర కూలిపోయింది. కౌలు కట్టాలి, కిస్తీ కట్టాలి, స్లాబు మీద ఇనుప చువ్వలు ఆకాశం వైపు చూస్తున్నాయి. 2012లో ఊళ్లో ఒకరి దగ్గర 60,000 రూపాయలు తెచ్చాం, నూటికి రెండు రూపాయల మిత్తి. అది చాలక, అత్తగారు వదిలి వెళ్లిన ఇత్తడి గుండిగను, రెండు రాగి బిందెలను పాత సామాన్ల వానికి తూకానికి వేశాం.

ఆ గుండిగ సంగతి కొంచెం చెప్పనివ్వండి. అది మా ఒక్క ఇంటి గుండిగ కాదు. క్రిస్మసుకు, కోత పండుగకు మా సంఘంలో వంట దానిలోనే. ఇద్దరు మగవాళ్లు చెరో కడియం పట్టుకుని మా ఇంటి నుండి గుడి దాకా మోసుకెళ్లేవారు, మర్నాడు చింతపండుతో తళతళ తోమించి తెచ్చి ఇచ్చేవారు. ఆ ఏడు డిసెంబరులో ఒక అబ్బాయి ఎప్పటిలాగే వచ్చి, "పెద్దమ్మా, గుండిగ" అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

అప్పటి నుండి మాలో ఒకరికి ఆ గుండిగ మీద మనసు. ఇంకొకరికి సొంత ట్రాక్టరు మీద మనసు. ఎవరికి ఏదో మీరు ఊహించగలరు.

ఈ కష్టం చూసి మా సంఘ కాపరి భార్య, మేము అమ్మగారు అని పిలుస్తాం, 2013లో మాకొక పద్ధతి చెప్పారు. లెక్కలో లేని డబ్బు చేతికి వస్తే ఆ మొత్తాన్ని ఒక కాగితం మీద రాసి బైబిలు అట్ట లోపల పెట్టండి, మూడు ఆదివారాలు గడిచేదాకా ఖర్చు పెట్టవద్దు అన్నారు. ఇంతేనా అనిపించింది. పైగా ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆ కాగితం అవసరమే మాకు రాలేదు!

2021లో మళ్లీ పత్తికి కాలం వచ్చింది. వానలు, గులాబీ రంగు పురుగు దిగుబడిని తగ్గించాయి, అవతల దేశాల్లోనూ ధర ఎక్కింది. ఆ ఏడు పొడుగు పింజ మద్దతు ధర 6,025 రూపాయలు. మాకు 28 క్వింటాళ్లు వచ్చింది. నవంబరులో 12 క్వింటాళ్లు 7,800 చొప్పున అమ్మాం. మిగిలిన 16 క్వింటాళ్లు 2022 జనవరి చివర 10,100 చొప్పున పోయింది. మద్దతు ధరకు అమ్మితే వచ్చేది 1,68,700. వచ్చింది 2,55,200. అంటే మేము అనుకున్న దానికంటే 86,500 రూపాయలు ఎక్కువ. కాగితం మీద ఆ అంకె రాసి బైబిలు అట్టలో పెట్టాం. మొదటి ఆదివారం బాగానే గడిచింది.

రెండవ ఆదివారానికి ముందు, ఫిబ్రవరిలో, బంధువుల పెళ్లికి హైదరాబాదు వెళ్లవలసి వచ్చింది. పెళ్లి నాంపల్లిలో, సాయంత్రం. మేము ఇమ్లీబన్ బస్టాండులో దిగేసరికి పొద్దున పదకొండు. అప్పటిదాకా ఏం చేస్తాం? "బేగం బజారు ఊరికే చూసి వద్దాం" అనుకున్నాం. ఈ 'ఊరికే' అన్న మాటను మీరు కూడా జాగ్రత్తగా చూసుకోండి.

రెండవ అసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం ఈ స్థలాన్ని వర్తకులకు ఇచ్చిందని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. వెళ్లని వారి కోసం చెబుతున్నాం. అఫ్జల్ గంజ్ దాటి సిద్ధి అంబర్ బజారు వైపు నడిస్తే ముందు వాసన తగులుతుంది. మిరియాలు, ఏలకులు, ధనియాలు బస్తాలు విప్పి పెట్టి ఉంటాయి. ఆ పైన జీడిపప్పు, బాదం, కిస్‌మిస్. హమాలీలు తోపుడు బండ్లతో 'సైడ్, సైడ్' అని అరుస్తూ పోతుంటే గోడకు ఆనుకుని నిలబడాలి. ప్లాస్టిక్ సామాను ఒక గల్లీ, గిల్టు నగలు ఒక గల్లీ, స్టీలు, ఇత్తడి ఒక గల్లీ. ఇది మూటలు కట్టి ఊళ్లకు పంపే టోకు బజారు. ఇక్కడ ప్రతిదీ చవకే. మనిషిని పడేసేది ఆ చవకే. ఖరీదైన దుకాణంలో అడుగు పెట్టడానికి మనలాంటి వాళ్లం జంకుతాం. ఇక్కడ కొనకపోతే నష్టపోయినట్టు ఉంటుంది.

ఇత్తడి దుకాణంలో గుండిగలు ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి. ఒకదాన్ని దించమన్నాం. అదే కడియాలు, అదే అంచు. సేటు దాన్ని కాంటా మీద పెట్టాడు. తొమ్మిది కిలోల రెండు వందల గ్రాములు. కిలో 650 చొప్పున 5,980 రూపాయలు. "నీకని ఐదు వేల ఎనిమిది వందలు అమ్మా" అన్నాడు. గుండిగ ఉన్నాక మూత ఉండాలి. మూత ఉన్నాక గరిటె ఉండాలి. పళ్లేలు రెండు డజన్లు తీసుకుంటే టోకు రేటు. ఎలా పెరిగిందో తెలియదు, చీటీ మీద మొత్తం 14,700 అయింది.

జేబులో ఉన్నది రెండు వేలు. వెనుకటి రోజుల్లో అయితే అదే మాకు కంచె. ఇప్పుడు డబ్బు ఫోనులో ఉంది. గోడకు అంటించిన బొమ్మకు ఫోను చూపిస్తే చాలు. మా పెద్దబ్బాయి మాకు ఫోన్‌పే నేర్పిన రోజున ఎంత సంతోషించామో!

అప్పుడు మాలో ఆయన, "తీసుకోరాదు, ఎన్నడి నుంచో అడుగుతున్నవు" అన్నాడు. ఎంత మంచి మాట! చుట్టూ ఉన్నవాళ్లు కూడా మెచ్చుకునే మాట. కాని ఆమె నంబరు నొక్కబోయి ఆగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో పైసా ఖర్చుకు అంత తొందరగా సరే అన్న మనిషి కాడు. ముఖం చూసింది. "ఇది నా కోసం అంటున్నవా, నీ కోసం అంటున్నవా?" అని అడిగింది.

ఆయన జవాబు చెప్పలేదు. సేటుకు రెండు నిమిషాల్లో వస్తామని చెప్పి బయటకు వచ్చాం.

మొజంజాహి మార్కెట్ దాకా నడిచాం. 1935లో కట్టిన రాతి మార్కెట్. 2020లో బాగుచేసి మళ్లీ తెరిచారు, గడియారం స్తంభం కొత్తగా కనిపిస్తోంది. మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, చెరో కప్పు ఐస్‌క్రీం తీసుకుని కూర్చున్నాం. అక్కడ అసలు మాట బయటకు వచ్చింది. పాత ట్రాక్టరు ఒకటి బేరానికి ఉంది, ఎనభై వేలు ముందు కట్టాలి. ఆయన మార్కెట్ నుండి వచ్చిన రాత్రే దాన్ని చూసి వచ్చాడు. గుండిగకు పద్నాలుగు వేలు పోతే, రేపు ట్రాక్టరు మాట ఎత్తినప్పుడు ఆమె కాదనలేదు. తీసుకోమన్నది అందుకు.

కోపం వచ్చిన మాట నిజం. ఐస్‌క్రీం కరిగేదాకా మాట్లాడుకోలేదు. తర్వాత ఆమె కూడా ఒక సంగతి ఒప్పుకుంది. గుండిగ సంఘం కోసమని తనకు తాను చెప్పుకుంటోంది గాని, 2012లో ఆ అబ్బాయి ముందు పోయిన పరువు తెచ్చుకోవాలన్న ఆరాటమే అందులో ఎక్కువ ఉందని. ఎవరి కోరిక వారికి అవసరంలా కనిపించింది, ఎదుటి వారిది దుబారాలా కనిపించింది. ట్రాక్టరు కిరాయిలు తెస్తుంది కదా అని ఆయన. గుండిగ తరతరాలు ఉంటుంది కదా అని ఆమె. రెండూ అబద్ధం కావు. అందుకే అంత ప్రమాదం.

అంతలో ఆమె ఐస్‌క్రీం చీటీ వెనుక లెక్క వేసింది. అరవై వేలకు నెలకు 1,200. ఏడాదికి 14,400. పదేళ్లకు 1,44,000. అసలుకు రెండింతలు దాటి మిత్తి కట్టాం, అసలు అలాగే ఉంది! నెలనెలా కట్టే అలవాటులో ఈ లెక్క పదేళ్లూ మేము ఒక్కసారీ వేయలేదు. 2018 నుండి రైతుబంధు డబ్బు వచ్చినా అది విత్తనాలకు, ఎరువులకు పోయింది. అసలు తీర్చాలన్న ఆలోచనే రాలేదు. బ్యాంకు పొదుపు ఖాతాలో నూటికి ఏడాదికి మూడు రూపాయలు వస్తే గొప్ప. మేము కడుతున్నది ఏడాదికి ఇరవై నాలుగు. ఆ అప్పు తీర్చడం కంటే లాభమైన బేరం బేగం బజారులో లేదు.

సేటు దగ్గరికి తిరిగి వెళ్లి, తీసుకోవడం లేదని చెప్పాం. విసుక్కుంటాడనుకున్నాం. "మళ్లీ రండి" అని గుండిగను ఎత్తి పైన పెట్టాడు. రెండు వందల గ్రాముల ఏలకులు, ముసలాయన కోసం పావు కిలో కిస్‌మిస్ కొనుక్కుని పెళ్లికి వెళ్లాం.

ఊరికి వచ్చాక ఈ సంగతి మా పెద్దబ్బాయికి చెబితే నవ్వి, దీని మీద పెద్ద చదువే ఉంది అన్నాడు. అమెరికాలో రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త, మనుషులు డబ్బును మనసులో వేర్వేరు డబ్బాల్లో వేసుకుంటారని, అనుకోకుండా వచ్చిన డబ్బును కష్టపడి సంపాదించిన డబ్బులా చూడరని చాలా ఏళ్ల క్రితమే రాశాడట. 2017లో ఆయనకు నోబెల్ బహుమానం ఇచ్చారు. మా అమ్మగారికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు!

మూడవ ఆదివారం ఆరాధన అయ్యాక కాగితం బయటకు తీశాం. ముందుగా దశమ భాగం 8,650. అప్పుకు 60,000. మిగిలిన దానిలో 15,000 వానాకాలం సాగుకు. ఇంకా 2,850 మిగిలింది. అది చెరి సగం, ఎవరి ఇష్టం వారిది, లెక్క అడగకూడదు అనుకున్నాం. ఆయన ఆ సగం ఏం చేశాడో ఇప్పటికీ తెలియదు. అప్పు ఇచ్చినాయన ప్రామిసరీ నోటు చించి చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చి పొయ్యిలో వేశాం.

ఇదంతా ఏదో గొప్ప కోసం రాయడం లేదు. ట్రాక్టరు కొనలేదని ఆయనకు ఆ వేసవి అంతా బాధ ఉంది. పక్క వీధిలో ట్రాక్టరు చప్పుడు వినబడితే అన్నం దగ్గర మాట ఆగేది. 2022 జూలైలో వారం రోజులు వాన విడవలేదు. మొలకెత్తిన పత్తి నీళ్లలో కుళ్లిపోయింది, మళ్లీ విత్తాం. ఆ పదిహేను వేలు అప్పుడు పనికి వచ్చాయి. ఆ పంటకు పది వేల ధర మళ్లీ రాలేదు. వస్తుందని 2023లో ఇళ్లల్లో పత్తి నిల్వ పెట్టి ఎదురుచూసిన వాళ్లు ఎందరో. ఆ ఏడు మాకు కిస్తీ లేదు, మిత్తి లేదు.

నెలకు ఆ పన్నెండు వందలు ఇప్పుడు పోస్టాఫీసులో ఐదేళ్ల రికరింగు ఖాతాకు కడుతున్నాం. మిత్తి కట్టిన అలవాటు కదా, తేదీ తప్పడం లేదు. అది పూర్తయితే దేనికి అన్న మాట మీద మా ఇంట్లో అప్పుడే రెండు పక్షాలు ఉన్నాయి.

క్రిస్మసుకు మా సంఘం టెంటు హౌసు నుండి గుండిగ కిరాయికి తెస్తోంది. అల్యూమినియందే. ఆటోలో నుండి దించినప్పుడల్లా ఆమె దగ్గరికి వెళ్లి వేలి కణుపుతో దాని మీద కొట్టి చూస్తుంది. "ఏమంటది?" అని ఆయన అడుగుతాడు. "ఇత్తడి కాదంటది" అని చెప్పి ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చుంటుంది.